మోకాటి మీద చిన్న అల

గుంటూరులో ఒక సందు, ఆ సందులో రెండో అంతస్తు మీద ఒక ఫిజియోథెరపీ గది. రెండు బల్లలు, ఒక నిలువుటద్దం, మూలన కదలని సైకిలు, కొక్కేనికి వేలాడే రబ్బరు పట్టీలు, కిటికీ పక్కన వరసగా పేర్చిన బరువులు. మా మేనల్లుడి మోకాలికి ఆపరేషన్ అయిన వారానికి వాణ్ణి ఆ గదికి తీసుకెళ్ళాను. అక్కడి ఫిజియోథెరపిస్టు, ఆవిడ కట్టు సడలించి, మోకాటి చిప్ప పక్కన లోపలి వైపు అరచేత్తో కింది నుంచి పైకి రెండు మూడు సార్లు మెల్లగా నిమిరారు. తర్వాత బయటి వైపు పై నుంచి కిందికి ఒకే ఒక్కసారి. ఇందాక నిమిరి చదును చేసిన చోట చర్మం కింద చిన్న అల ఒకటి లేచి ఆగింది.

"నీరింకా ఉంది నాన్నా. ఇవాళ కొత్త పనేం వద్దు, ఆస్పత్రిలో చెప్పినవే చేద్దాం" అన్నారు. పుస్తకంలో ఒక గుర్తు వేసుకున్నారు.

అంతకుముందు ఈ పనంటే కాలు వంచడం, చాపడం, మిషన్ పెట్టడం అనుకునేవాణ్ణి. ఆ అలను చూశాక ఇక్కడేదో చదువుతున్నారని అర్థమైంది. దాదాపు పదకొండు నెలలు ఆ గదిలో కుర్చీ వేసుకుని కూర్చుని ఆ చదువును గమనించాను. మగ్గం దగ్గరా కొలిమి దగ్గరా నిలబడి చూసినప్పుడు కలిగే గౌరవమే నాకు అక్కడా కలిగింది. ఆ గౌరవంతోనే ఇది రాస్తున్నాను.

ముందు తెగిందేమిటో చెప్పాలి. సంక్రాంతి కబడ్డీ పోటీల్లో మావాడు కూతకు వెళ్ళాడు. ఎదుటివాడు చీలమండ అందుకోబోతే తప్పించుకుని మధ్యగీత వైపు తిరిగాడు. పాదం నేలలో నాటుకుంది, నడుము తిరిగింది, రెంటికీ నడుమనున్న మోకాలు లోపలికి ఒరిగింది. 'టప్'మన్న చప్పుడు తనకే వినిపించిందన్నాడు. తెగినదాన్ని అందరూ ఏసీఎల్ అంటారు. తొడ ఎముకనీ కింది కాలి ఎముకనీ కలిపే పీచుకట్టు, అంటే లిగమెంటు, అది, సుమారు 3 సెంటీమీటర్ల పొడవు. కింది ఎముక ముందుకు జారకుండా, మెలి తిరగకుండా పట్టి ఉంచుతుంది. కీలులోని ద్రవంలో నానుతూ ఉండే చోటు కాబట్టి, పూర్తిగా తెగితే మామూలు గాయంలా నెత్తురు గడ్డకట్టి తనంతట తాను అతుక్కోవడం అరుదు. అందుకే సర్జన్ తొడ వెనక నుంచి ఒక స్నాయువును తీసి, నాలుగు పేటలుగా మడిచి, రెండు ఎముకల్లోనూ తొలిచిన సొరంగాల గుండా దాన్ని లాగి బిగిస్తాడు. ఆ పనితనానికి వేరే వ్యాసం కావాలి. నేను చెప్పబోయేది దాని తర్వాతి పని.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. కాని ఊళ్ళో అందరికంటే వేగంగా పరుగెత్తిన కుర్రాడు మంచం మీద నుంచి తన మడమను జానెడు ఎత్తలేకపోయాడు. తొడ ముందు కండరాన్ని ఎవరూ కొయ్యలేదు. దానికి వెళ్ళే నరమూ బాగానే ఉంది. అయినా అది పలకదు. ఇంట్లో వాళ్ళు భయపడ్డారు, వాడు సిగ్గుపడ్డాడు.

కారణం ఆ నీరే. మోకాట్లో నీరు చేరితే, కీలు నుంచి వెన్నుపాముకు వెళ్ళే కబురు మారిపోతుంది. వెన్నుపాము తొడ కండరాన్ని ఆపేస్తుంది. 1984లో అచ్చయిన ఒక ప్రయోగంలో, ఏ దెబ్బా తగలని మోకాళ్ళలోకి ఉప్పునీరు ఎక్కించి చూశారు. 20 నుంచి 30 మిల్లీలీటర్లు చేరేసరికే తొడ లోపలి వైపు కండరం మందగించింది. మిగతా తొడ కండరాలు మందగించడానికి 50, 60 మిల్లీలీటర్లు కావలసివచ్చాయి. అంటే నాలుగైదు చిన్న చెంచాల నీరు చాలు, చిప్ప పక్కనే ఉండే ఆ కండరం మూగబోవడానికి. ఆవిడ రోజూ పని మొదలుపెట్టే ముందు అలను ఎందుకు చూస్తారో అప్పుడు తెలిసింది. నీరుండగా బరువులెత్తిస్తే చెవిటివాడి ముందు కేకలేసినట్టే. ముందు నీరు తగ్గాలి. అందుకే ఐసు, కాలు ఎత్తులో పెట్టడం, పరిమితమైన నడక.

ఆ తర్వాత కండరాన్ని పిలిచే పని. చూసేవాళ్ళకు ఇంతకంటే చిన్న వ్యాయామం ఉండదు. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని మోకాటి వెనక భాగంతో బల్లలోకి నొక్కమంటారు. మావాడు పిరుదులు బిగించాడు, పళ్ళు బిగించాడు, మడమతో తన్నాడు, తొడ మాత్రం కదల్లేదు. ఆవిడ తొందరపడలేదు. "ముందు మంచి కాలితో చెయ్యి" అన్నారు. చేశాడు. చిప్ప తొడ వైపు జరగడం వాడికే చూపించారు. "ఇప్పుడు కళ్ళు మూసుకో. అదే పని, ఇటు." చిప్పకు పైన, లోపలి వైపు రెండు వేళ్ళు ఆనించి, కండరం పలకవలసిన చోట లయగా తట్టారు. రెండోరోజు అక్కడే రెండు మెత్తటి ప్యాడ్లు అంటించి కరెంటు ఇచ్చారు. కండరం దానంతటది బిగుసుకుంటున్నప్పుడు "దాంతోపాటు నువ్వూ నొక్కు" అన్నారు. మిషన్ ముందు నడుస్తుంది, మనిషి వెనక నడుస్తాడు, కొన్నాళ్ళకు మనిషే ముందు నడుస్తాడు. ఐదోరోజున ఆ వేళ్ళ కింద ఏదో పురుగు మెదిలినట్టు మెదిలింది. అంతవరకు మాట్లాడుతున్న ఆవిడ ఆగిపోయి, "అదీ. అదే మళ్ళీ" అన్నారు. ఆ రోజు వాడు కూతలో పాయింట్ తెచ్చినంత సంబరపడ్డాడు.

ఇంట్లో అందరి దిగులూ ఒకటే: కాలు వంగుతుందా? మా అమ్మ రోజూ అదే అడిగేది. ఆవిడ మాత్రం మొదటి నెలంతా వేరే ప్రశ్న వేసేవారు: పూర్తిగా చాపుతున్నాడా? మోకాలు తిన్నగా, సున్నా డిగ్రీలకు రాకపోతే నడకలో కుంటు మిగులుతుంది. తొడ కండరం రోజంతా బిగుసుకునే ఉండి అలిసిపోతుంది. పైగా కీలు ముందు భాగంలో మచ్చకణజాలం గడ్డలా పెరిగి తలుపు సందులో గులకరాయిలా అడ్డం పడవచ్చు. కెమెరాలో అది ఒంటికన్నులా కనిపిస్తుందని గ్రీకు కథల్లోని ఒంటికన్ను రాక్షసుడి పేరు పెట్టి దాన్ని 'సైక్లోప్స్' అంటారు. వంపు ఆలస్యంగానైనా వస్తుంది. చాపు ఆలస్యమైతే రావడం కష్టం. అందుకే పని సున్నా దగ్గర మొదలవుతుంది.

ఆ సున్నా కోసం ఆవిడ వాడిన పనిముట్లు చూస్తే ముచ్చటేస్తుంది. మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి, మోకాలి కింద ఖాళీ వదిలి పదేసి నిమిషాలు ఉంచడం. బోర్లా పడుకోబెట్టి, మోకాలి నుంచి కిందిభాగాన్ని బల్ల అంచుకు బయట వేలాడనివ్వడం. అలా బోర్లా ఉన్నప్పుడు రెండు మడమల ఎత్తులో తేడాను బడిపిల్లల స్కేలుతో కొలవడం. ఒక సెంటీమీటరు తేడా ఉంటే దాదాపు ఒక డిగ్రీ లోటున్నట్టు. మొదటిరోజు పుస్తకంలో 6 అని రాశారు. తర్వాత 4, 4, 3, మళ్ళీ 4, తర్వాత 2. మూడోవారం చివర్లో ఒక గుండ్రటి సున్నా. పరీక్షలో సున్నా వచ్చినందుకు స్వీట్లు పంచిన ఇల్లు మాదే అయ్యుంటుంది.

ఈ వరసను ఎవరూ ఒక్కరోజులో కనిపెట్టలేదు. ఒకప్పుడు ఇదే ఆపరేషన్ తర్వాత, కొత్తగా బిగించిన కట్టు సాగిపోతుందన్న భయంతో మోకాలిని వంచి వారాల తరబడి పిండికట్టులో ఉంచేవారు. కట్టు నిలిచేది, మోకాలు బిర్రబిగిసేది. అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో డోనాల్డ్ షెల్బోర్న్ అనే సర్జన్ తన రోగుల్లో ఒక వింత గమనించారు. చెప్పిన మాట విని జాగ్రత్తగా ఉన్నవాళ్ళకంటే, మాట వినకుండా ముందే కాలు చాపి, ముందే బరువు మోపి నడిచినవాళ్ళ మోకాళ్ళే బాగున్నాయి. కట్టూ సడలలేదు. ఇంకొకరైతే వాళ్ళను కసురుకుని ఊరుకునేవారు. ఆయన వాళ్ళ దగ్గర నేర్చుకున్నారు. పాల్ నిట్జ్‌తో కలిసి 1990లో ఆయన ప్రచురించిన పద్ధతి, మొదటి రోజుల నుంచే పూర్తిగా చాపడాన్నీ బరువు మోపి నడవడాన్నీ ముందుకు తెచ్చింది. దెబ్బ తగిలిన వెంటనే కాకుండా, వాపు తగ్గి కదలిక తిరిగొచ్చాక ఆపరేషన్ చేస్తే బిగుసుకుపోవడం తగ్గుతుందని కూడా ఆయన చూపించారు. మావాణ్ణి జనవరి దెబ్బకు ఫిబ్రవరి చివరిదాకా ఆపి, ఆ మధ్యలో ఆవిడ దగ్గరకే వాళ్ళ నాన్నతో పంపడం వెనక ఉన్నది ఆ పాఠమే.

ఆరోవారం దాటాక అసలైన కష్టం మొదలైంది. కష్టం మోకాలికి కాదు, మనిషికి. నొప్పి పోయింది, అల కనబడడం మానేసింది, ఊతకర్రలు అటకెక్కాయి. సైకిలు పూర్తిగా తిరుగుతోంది. వాడికి తన కాలు తనకు వచ్చేసినట్టే అనిపించింది. లోపల జరుగుతున్నది వేరు. తొడ వెనక నుంచి తీసిన స్నాయువు తన రక్తం తాను పోగొట్టుకుని వచ్చింది. అందులోని పాత కణాలు చనిపోతాయి, కొత్త రక్తనాళాలు అల్లుకుంటాయి, పీచు తిరిగి నెమ్మదిగా పేనుకుంటుంది. స్నాయువు లిగమెంటుగా మారే ఈ కాలంలో, దాదాపు ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య, అది అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. మనిషికి ధైర్యం పెరిగే రోజులూ, కట్టుకు బలం తగ్గే రోజులూ ఒకటే.

ఈ రోజుల్లోనే ఆవిడ పనితనం నాకు పూర్తిగా కనిపించింది. చేయించడం చాలామందికి వస్తుంది. ఇంకా చెయ్యగలిగినవాణ్ణి ఇంతవరకే అని ఆపి, వాడి ఉత్సాహం చల్లారకుండా చూడడం కొద్దిమందికే వస్తుంది. పరుగు లేదు, దూకుడు లేదు, మెలి లేదు. కాని కూర్చుని లేవడాలున్నాయి, గోడకు వీపు ఆనించి గోడకుర్చీ వెయ్యడం ఉంది, ఒంటికాలి మీద నిలబడి బంతి పట్టుకోవడం ఉంది. తెగిన లిగమెంటు ఒట్టి తాడు కాదు. కాలు ఎక్కడుందో మెదడుకు చెప్పే నరాల కొసలు అందులో ఉంటాయి. తాడును మళ్ళీ వేసినా ఆ కబుర్లు వెంటనే రావు. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడితే మావాడి చీలమండ ఎండుటాకులా వణికేది. పాదం, తుంటి, నడుము ఆ లోటును ఎలా పూడ్చాలో రోజుకు పది నిమిషాల చొప్పున నేర్పారు.

ఒక ఆదివారం వాడు ఎవరికీ చెప్పకుండా కోర్టుకు వెళ్ళి రెండు పరుగులు తీశాడు. సోమవారం ఏమీ ఎరగనట్టు వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఆవిడ మోకాలి వైపు చూసి, చెయ్యి వెయ్యలేదు. "ఇవాళ నువ్వే చూసుకో నాన్నా" అన్నారు. వాడి అరచేతిని పట్టుకుని లోపలి వైపు పైకి నిమిరించారు, బయటి వైపు కిందికి నిమిరించారు. అల లేచింది. వాడు తలెత్తలేదు. ఆవిడ ఒక్క మాటా అనలేదు. ఆ వారం బరువులు సగానికి తగ్గించి పుస్తకంలో రాశారంతే. తిట్టివుంటే వాడు ఆవిడకు భయపడేవాడు. ఆ రోజు నుంచి వాడు మోకాలిని అడగడం నేర్చుకున్నాడు.

మూడో నెల నుంచి బలం పని. ఇక్కడ వాడే లెక్కకు కూడా మోకాలితో పాత బంధుత్వం ఉంది. రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో చికాగోలోని గార్డినర్ జనరల్ ఆస్పత్రి గాయపడిన సైనికులతో కిటకిటలాడేది. తొడ ఎముకలు విరిగినవాళ్ళు, మోకాళ్ళు దెబ్బతిన్నవాళ్ళు నెలలు గడిచినా కోలుకునేవారు కాదు. తేలికపాటి కదలికలు వందలసార్లు చేయించడమే అప్పటి పద్ధతి. థామస్ డెలోర్మ్ అనే యువ వైద్యుడు చిన్నతనంలో జబ్బుపడి, బరువులెత్తి తన ఒంట్లో సత్తువ తెచ్చుకున్నవాడు. ఆయన సైనికుల పాదాలకు ఇనుప బూట్లు తొడిగి, బరువులు బిగించి, మోకాలు చాపించారు. 1945లో ఆ ఫలితాలు ప్రచురించారు. 1948 నాటికి ఆర్థర్ వాట్కిన్స్‌తో కలిసి లెక్కను సరళం చేశారు: పదిసార్లు మాత్రమే ఎత్తగలిగిన బరువును కనుక్కోవాలి. అందులో సగంతో పదిసార్లు, ముప్పాతికతో పదిసార్లు, మొత్తంతో పదిసార్లు. బలం పెరిగినకొద్దీ బరువు పెంచాలి. ఇవాళ ఏ జిమ్‌లో చూసినా మూడు దఫాలు, పదేసి సార్లు అనే మాట వినిపిస్తుంది. అది గాయపడిన సైనికుల మంచాల మధ్య స్థిరపడిన మాటని అక్కడి కుర్రాళ్ళకు తెలియదు.

బరువు పెరగడం ఒక్కటే చూస్తే మోసపోతాం. ఆవిడ మావాణ్ణి చిన్న మెట్టు మీద అద్దం ముందు నిలబెట్టి, మంచి కాలి మడమ నేలకు తగిలీ తగలనట్టు మెల్లగా దిగమనేవారు. కళ్ళు మొహం మీద కాదు, మోకాలి మీద. దిగుతున్నప్పుడు మోకాలు బొటనవేలు దాటి లోపలికి వాలిందా, ఆ రోజు దెబ్బ తగిలినప్పుడు జరిగిందీ అదే. కండరం ఎంత బలిసినా ఆ అలవాటు ఉంటే కొత్త కట్టూ ప్రమాదంలోనే ఉంటుంది. "రెండో వేలి మీదుగా రావాలి మోకాలు" అని నేల మీద తెల్ల టేపు అంటించారు. పది మెట్లు సరిగ్గా దిగి పదకొండోది వాలితే అక్కడితో ఆపేసేవారు. తప్పుగా చేసిన పదకొండోది ముందు చేసిన పదింటినీ చెరిపేస్తుందని ఆవిడ నమ్మకం.

మన బతుకుకు కావలసిన పనులు కొన్నున్నాయి. నేల మీద మఠం వేసుకుని భోంచెయ్యాలి, గొంతుక్కూర్చుని పొలంలో కలుపు తియ్యాలి, ఇండ్లలో ఇంకా నేలబారు మరుగుదొడ్లున్నాయి. కుర్చీలో కూర్చునే దేశాల కొలతలు మనకు చాలవు. సర్జన్ సరేనన్నాక, నాలుగో నెల నుంచి ఆవిడ వాడు కూర్చునే దిండు ఎత్తు తగ్గిస్తూ తగ్గిస్తూ నేలదాకా తెచ్చారు. స్నాయువు తీసిన చోట తొడ వెనక బలం, ముఖ్యంగా మోకాలు బాగా మడిచినప్పటి బలం తగ్గుతుంది కాబట్టి దానికి విడిగా పని పెట్టారు. అలా తీసిన స్నాయువు చాలామందిలో తిరిగి మొలుస్తుంది. వైద్యులు దాన్ని బల్లితోకతో పోలుస్తారు. ఆ మాట చెప్పినప్పుడు మా అమ్మ నమ్మలేదు, కాని ఆ రోజంతా సంతోషంగా ఉంది. ఒక మాట మాత్రం చెప్పాలి: ఈ వారాలూ నెలలూ మావాడి మోకాలివి. మోకాట్లోని మెత్తటి పొర, అంటే మెనిస్కస్, కూడా కుట్టించుకున్నవాళ్ళ లెక్క వేరు. ఎవరి మోకాలికి వాళ్ళ సర్జనూ ఫిజియోథెరపిస్టూ కలిసి రాసిందే తాళపత్రం.

ఆరో నెలలో వాడు టేపుతో వచ్చి, చిప్పకు 15 సెంటీమీటర్ల పైన రెండు తొడలూ కొలిచి, ఒక సెంటీమీటరే తేడా ఉందని చూపించాడు. ఇక ఆడతానన్నాడు. ఆవిడ పుస్తకం వెనక్కి తిప్పారు. ఆపరేషన్‌కు ముందే, జనవరి చివర్లో, మంచి కాలి బలాన్నీ గెంతు పొడవునూ కొలిచి రాసుకున్న పేజీ అది. "మంచి కాలు కూడా ఇన్నాళ్ళు ఆడలేదు కదా నాన్నా, అదీ తగ్గింది. తగ్గినదాంతో పోల్చుకుంటే మనకు మనం మార్కులు వేసుకున్నట్టే" అన్నారు. ఆ ముందుచూపు దగ్గర నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

గెంతుల పరీక్ష నాలుగు రకాలు. ఒంటికాలి మీద ఒక గెంతు, వరసగా మూడు గెంతులు, గీతకు అటూ ఇటూ దాటుతూ మూడు గెంతులు, 6 మీటర్లు ఎంతసేపట్లో దాటారన్నది. ఒక్కొక్క దాంట్లో దెబ్బతిన్న కాలు మంచి కాలిలో కనీసం 90 శాతం చూపించాలి. తొడ బలమూ అంతే. ఎందుకింత పట్టుదలో చెప్పే అంకెలు 2016లో వచ్చాయి. 106 మందిని రెండేళ్ళపాటు గమనించిన పరిశోధన అది. పరీక్షలు దాటకుండా ఆటకు వెళ్ళినవాళ్ళలో 38.2 శాతం మందికి మోకాలు మళ్ళీ దెబ్బతింది. దాటి వెళ్ళినవాళ్ళలో 5.6 శాతం మందికే. తొమ్మిది నెలల వరకు ఆట ఆలస్యమైన ఒక్కొక్క నెలకూ మళ్ళీ దెబ్బ తగిలే రేటు దాదాపు సగం తగ్గుతూ వచ్చింది. ఓర్పును ఇంత స్పష్టంగా లెక్కగట్టిన అంకె నేనింకొకటి చూడలేదు.

పత్రికల్లో ఆటల పేజీ చదివేవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 2016 రియో ఒలింపిక్స్‌లో కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫొగాట్‌ను మోకాలి దెబ్బతో స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఆమె స్వర్ణం గెలిచింది. జిమ్నాస్ట్ దీపా కర్మాకర్‌కు 2017లో మోకాలి ఆపరేషన్ అయింది. 2018 జూలైలో టర్కీలోని మెర్సిన్‌లో ఆమె వాల్ట్ స్వర్ణం తెచ్చింది. రెండు ఫోటోల మధ్య ఉన్న నెలల్లో ఏం జరిగిందో ఏ ఫోటోలోనూ ఉండదు. ఆ నెలలన్నీ తువ్వాలు చుట్టలు, స్కేళ్ళు, మెట్లు, నిమిరే చేతులు.

చివరికి మిగిలింది భయం. గెంతుల్లో 95 శాతం తెచ్చినవాడు, ఎవరైనా చీలమండ పట్టుకుంటే బిగుసుకుపోయేవాడు. ఆస్ట్రేలియాలో కేట్ వెబ్‌స్టర్, మరికొందరు 2008లో ఇందుకే పన్నెండు ప్రశ్నల కొలబద్ద తయారుచేశారు: మళ్ళీ దెబ్బ తగులుతుందని భయమా, మోకాలిని తలుచుకోకుండా ఆడగలవా అన్నట్టు సాగుతుంది. ఆవిడ ఆ ప్రశ్నలు తెలుగులో అడిగి, ఆ జవాబుల్నీ డిగ్రీలంత శ్రద్ధగా రాసుకున్నారు. తర్వాత వాడి జట్టులోని ఇద్దర్ని పిలిపించారు. మొదట చీలమండ మీద చెయ్యి వేసి ఊరుకోవాలి. తర్వాత పట్టుకుని వదలాలి. తర్వాత మెల్లగా లాగాలి. ఇందులోనూ సగం, ముప్పాతిక, మొత్తం. పాత డెలోర్మ్ లెక్కనే భయానికి వాడుతున్నారని నాకనిపించింది.

మళ్ళీ సంక్రాంతి వచ్చింది. అదే ఊరు, అదే కోర్టు. వాడు కూతకు వెళ్ళాడు. జనం పాయింట్ కోసం చూస్తున్నారు. నా కళ్ళు మోకాలి దగ్గర ఆగాయి. చెయ్యి తప్పించుకుని మధ్యగీత వైపు తిరిగినప్పుడు పాదం కూడా దాంతోపాటే తిరిగింది, మోకాలు రెండో వేలి మీదుగా వంగింది, లేచింది. ఆ వంపులో తెల్ల టేపు, అద్దం, ఆగిపోయిన పదకొండో మెట్టు అన్నీ నాకు కనిపించాయి.

ఆట అయ్యాక వాడు గట్టు మీద కూర్చుని మోకాలి తొడుగు కిందికి లాగాడు. చుట్టూ కుర్రాళ్ళు గోలగోలగా మాట్లాడుతున్నారు. వాడు తలవంచి, చిప్ప పక్కన లోపలి వైపు అరచేత్తో పైకి రెండు మూడు సార్లు నిమిరాడు. బయటి వైపు కిందికి ఒక్కసారి. కాసేపు చూశాడు. చర్మం కదల్లేదు. తొడుగు పైకి లాక్కుని మంచినీళ్ళు అడిగాడు.